బొమ్మ ఇంజను బాగుచేసిన మనిషి – జేమ్స్ వాట్

బాయికాడ మోటరు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతాం. ఇంట్లో బల్బు ఎన్ని వాట్లు అని అడుగుతాం. మొదటిది జేమ్స్ వాట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క, రెండోది ఆయన పేరే. రోజూ తలచుకునే ఈ మనిషి గురించి మనలో చాలామందికి తెలిసింది మాత్రం టీ కెటిల్ మూత కథ ఒక్కటే. ఆయన అసలు కథ అంతకన్నా గొప్పది, కష్టమైనది కూడా.

వాట్ 1736 జనవరి 19న స్కాట్లండ్‌లోని గ్రీనాక్ అనే రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ఓడల పనులు, వ్యాపారం చేసేవాడు. పిల్లవాడికి ఒంట్లో ఎప్పుడూ ఏదో ఒక నలత, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక పనిముట్టు. లండన్‌లో ఒక ఏడాది కొలత పరికరాల తయారీ నేర్చుకుని వచ్చి, 1757లో గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆవరణలోనే చిన్న దుకాణం పెట్టుకున్నాడు. డిగ్రీ లేదు. కాని గుప్తోష్ణాన్ని కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ వంటి ఆచార్యుడు ఆయనకు స్నేహితుడయ్యాడు.

1763–64 ప్రాంతంలో భౌతికశాస్త్రం తరగతిలో చూపించే ఒక బొమ్మ ఇంజను ఆయన దగ్గరికి రిపేరుకు వచ్చింది. అది న్యూకమెన్ ఇంజనుకు నమూనా. న్యూకమెన్ ఇంజన్లు 1712 నుంచీ గనుల్లో నీళ్లు తోడుతున్నవే. సిలిండరును ఆవిరితో నింపి, లోపల చన్నీళ్లు చిమ్మితే ఆవిరి నీరైపోతుంది, లోపల శూన్యం ఏర్పడుతుంది, బయటి గాలి పిస్టన్‌ను కిందికి తోస్తుంది. పెద్ద ఇంజను నడుస్తుంది గాని, ఈ బొమ్మ నాలుగు సార్లు ఊగి ఆగిపోయేది. వాట్ దాన్ని బాగుచేసి ఊరుకోలేదు, ఎందుకు ఆగుతున్నదని లెక్క కట్టాడు. ప్రతిసారీ సిలిండరును చల్లబరిచి మళ్లీ వేడి చేయడానికే ఆవిరిలో ఎక్కువ భాగం ఖర్చయిపోతున్నది. చిన్న సిలిండరుకు ఘనపరిమాణంతో పోలిస్తే ఉపరితలం ఎక్కువ కనుక అక్కడ నష్టం ఇంకా ఎక్కువ. 1765లో ఒక ఆదివారం గ్లాస్గో పచ్చికలో నడుస్తుండగా ఆయనకు ఉపాయం తట్టింది. ఆవిరిని చల్లార్చడానికి వేరే పాత్ర పెడితే సరి, సిలిండరు ఎప్పుడూ వేడిగానే ఉంటుంది.

ఉపాయం తట్టింది 1765లో, ఇంజను పనిలోకి దిగింది 1776లో. ఈ పదకొండేళ్లు ఎందుకు పట్టిందో నాకు ఒక ఆట వల్ల అర్థమైంది. కంప్యూటరులో ఆల్గోడూ అని ఒక ఆట ఉంది. స్వీడన్‌లోని ఉమెయో విశ్వవిద్యాలయంలో ఎమిల్ ఎర్నర్‌ఫెల్ట్ అనే విద్యార్థి చేసిన ఫన్ అనే ప్రోగ్రాం నుంచి అది పుట్టింది. అందులో గీసిన గీతకు బరువు, ఘర్షణ, గురుత్వం అన్నీ వస్తాయి, కాని లోకం మాత్రం కాగితంలా రెండు కొలతలదే. నార్సింగిలో మా ఇంట్లో కూర్చుని సెలవుల్లో నేను అందులో వాట్ ఇంజను కట్టాను. రెండు గోడలు గీస్తే సిలిండరు, మధ్యలో పలక పెడితే పిస్టన్. ఆ లోకంలో గుండ్రనం అన్న సమస్యే లేదు. వాట్‌ను ఏళ్ల తరబడి ఏడిపించింది సరిగ్గా అదే! ఆనాటి కమ్మరులకు పెద్ద సిలిండరును గుండ్రంగా తొలవడం చేతకాలేదు, పిస్టన్ పక్కల నుంచి ఆవిరి కారిపోయేది.

అప్పులు పెరిగాయి. పొట్ట గడవడానికి వాట్ కాలువలు సర్వే చేశాడు. 1773లో ఆయన దూరాన కొండల్లో సర్వేలో ఉండగా ఇంటి దగ్గర భార్య మార్గరెట్ ప్రసవంలో కన్నుమూసింది. అదే ఏడాది పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీశాడు. ఆయన వాటా తీసుకున్న మాథ్యూ బోల్టన్ చేయూతతో, 1774లో జాన్ విల్కిన్సన్ చేసిన కొత్త తొలిచే యంత్రంతో ఇంజనుకు ప్రాణం వచ్చింది. గొప్ప ఆలోచన కూడా ఒక మంచి పనిమంతుడి కోసం కాచుకుని కూర్చోవలసిందే.

తరువాత ఇంజను రెండు వైపులా తోసేలా చేశాడు. అప్పుడు కొత్త చిక్కు వచ్చింది. గొలుసు లాగుతుంది గాని తొయ్యలేదు. దూలం కొస వంపుగా తిరుగుతుంది, పిస్టన్ కడ్డీ నిటారుగా కదలాలి. 1784లో మూడు కడ్డీలు కీలు పెట్టి కలిపి ఆ రెంటికీ సంధి కుదిర్చాడు. తన పనులన్నిటిలో ఆయన ఎక్కువ గర్వపడింది దీనికే. ఇది అచ్చంగా రెండు కొలతల విద్య కనుక ఆటలోనూ కట్టవచ్చు. ఆవిరికి బదులు పైకీ కిందికీ మార్చి తోసే బలం పెట్టి, నడిమి కడ్డీ మధ్య బిందువుకు జాడ గీసే కలం తగిలించాను. తెర మీద ఎనిమిది అంకె గీసుకుంటూ పోయింది. ఆ ఎనిమిది నడుమ భాగం దాదాపు తిన్నని గీతే. ఇంజను ఆ కాస్త గీత మీదే బతుకుతుంది.

ఆయనలో లోపాలు లేవని కాదు. పార్లమెంటు చట్టంతో పేటెంటును 1800 దాకా పొడిగించుకుని, ఇతరులను కోర్టులకు ఈడ్చాడు. అధిక పీడనపు ఆవిరి ప్రమాదమని అడ్డుపడ్డాడు. గడువు తీరిన నాలుగేళ్లకే, 1804లో, ట్రెవితిక్ అదే ఆవిరితో పట్టాల మీద బండి నడిపించాడు. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు వచ్చిన రైలుకు దారి చూపింది ఆ అధిక పీడనమే. ఆలోచన కన్నవాడికి ఫలం దక్కాలి, నిజమే. కాని దాన్ని ఎంతకాలం గుప్పిట్లో పెట్టుకోవచ్చు? ఈ ప్రశ్న మనకూ తప్పదు.

వాట్ 1819 ఆగస్టు 25న మరణించాడు. చివరిదాకా మేడమీది చిన్న గదిలో శిల్పాలకు నకళ్లు తీసే యంత్రాలతో కుస్తీ పడుతూనే ఉన్నాడు.

మిత్రులారా, మా ఊరి పొలాల పక్కన ఇవాళ అద్దాల మేడలు లేచాయి. మనలో చాలామంది రేపు తెర ముందే కూర్చుంటాం. తెర చెడ్డది కాదు, ఆలోచనకు అంత చవకైన పలక మరొకటి లేదు. కాని అక్కడ నడిచిన ఇంజను ఇనుములో నడవాలంటే లేతు ముందు నిలబడే మనిషి కావాలి. మన వర్క్‌షాపు తలుపు కూడా అప్పుడప్పుడు తడదాం.