దీనబంధు ఆండ్రూసు

మన నారాయణఖేడు ప్రాంతపు తండాలనుండియు పల్లెలనుండియు అనేక కుటుంబములు ముందుగా బయానా పుచ్చుకొని చెరకు నరుకుటకు దూరము పోవుట మీరెరిగినదే. ఒకప్పుడు తెలుగువారు ఈ చెరకు పనికే సముద్రము దాటి ఫిజీ ద్వీపములకు పోయిరి. వారి పక్షమున నిలిచిన దైవసేవకుని చరిత్రను ఈ మాసము ధ్యానింతము.

చార్లెస్ ఫ్రీర్ ఆండ్రూసు 1871లో ఇంగ్లండు దేశమున జన్మించెను. గురువుగా అభిషేకము పొంది, 1904లో మన దేశమునకు వచ్చి ఢిల్లీలోని సెయింట్ స్టీఫెన్స్ కళాశాలలో ఉపాధ్యాయుడాయెను.

ఫిజీ పసిఫిక్ మహాసముద్రములోని ద్వీపసమూహము. 1874లో అది ఆంగ్లేయుల వశమాయెను. మరుసటి సంవత్సరమే తట్టువ్యాధివలన అక్కడి ఆదివాసులు వేలకొలదిగా చనిపోయిరి. మిగిలినవారిని వారి గ్రామములలోనే ఉండనిచ్చి, తోటపనికి దొరతనమువారు 1879 మొదలు మన దేశపు కూలీలను రప్పించిరి. 1916 వరకు 60,000 మందికి పైగా వెళ్లిరి. వీరిలో 1903 నుండి చెన్నపట్టణపు రేవున ఓడయెక్కిన సుమారు 15,000 మందిలో తెలుగువారును తమిళులును ఉండిరి.

ఒప్పందము అయిదేండ్లు. దానిని కూలీలు గిర్మిట్ అనిరి. పని మానినవానికి చెరసాలయే గతి. నూరుగురు పురుషులకు నలుబదిమంది స్త్రీలనే పంపుచుండిరి గనుక కాపురములు చెడి, కలహములును ఆత్మహత్యలును పెరిగెను.

ఈ సంగతి విని ఆండ్రూసు ఊరకుండలేదు. 1915లో తన స్నేహితుడు పియర్సనుతో ఫిజీకి పోయి, కూలీల ఇరుకు గదులను కన్నులార చూచి, వారి మాటలు విని, 1916లో నివేదిక ప్రకటించెను. తన జాతివారి లాభమునకు విరోధముగా మాటలాడుటకు ఆయన జంకలేదు. 1917లో కూలీలను పంపుట నిలిచెను. ఆ యేడే ఆయన మరల ఫిజీకి పోయెను. 1920 జనవరి 1న మిగిలిన ఒప్పందములు రద్దాయెను. ప్రజలు ఆయనను దీనబంధు అని పిలిచిరి. 1940 ఏప్రిల్ 5న కలకత్తాలో ఆయన ప్రభువునందు నిద్రించెను.

అయినను సంకెళ్లు తెగినంతమాత్రమున పొరుగువారు సహోదరులు కాలేదు. భూమి ఆదివాసులది, చెమట వలసవచ్చినవారిది. రెండు జనములు వేరువేరుగా బ్రదికిరి. 1987లో సైనికులు ప్రభుత్వమును కూలద్రోయగా, భారతసంతతివారనేకులు ఆ దేశము విడిచిపోయిరి. పొరుగుననున్న న్యూ కలెడోనియాలోను కనక్ ఆదివాసులకును, తరువాత వచ్చి స్థిరపడినవారికిని మధ్య ఇట్టి చిక్కే కలదు.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని సమరయుని తలంచుకొనుడి. గాయపడినవాని జాతియేదని అతడు అడుగలేదు. మన సంతలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు వినబడుచున్నవి. మన పొలమునకు కూలికి వచ్చినవాని పేరు మనకు తెలియునా? అతని బిడ్డ బడికి పోవుచున్నదా? నేడే అడిగి తెలిసికొందము. అడిగినవాడే పొరుగువాడు.