తెలుగే తపస్సుగా: పిఠాపురపు సూఫీ కవి ఉమర్ ఆలీషా

ఉగాది వచ్చినదంటే కోయంబత్తూరులోను, మదురలోను ఉన్న మన తెలుగు ఇండ్లలో మామిడాకుల తోరణాలు కడతాము. వేపపూత పచ్చడి అందరి చేతిలోను పెడతాము. సాయంకాలం నలుగురమూ చేరి పంచాంగ శ్రవణం చేస్తాము. విజయనగర ప్రభువుల నాడు, ఆ తరువాత నాయకరాజుల నాడు మన పూర్వులు నాగలి పట్టి, మగ్గం పట్టి, కత్తి పట్టి ఈ సీమకు వచ్చినారు. నాలుగైదు వందల ఏండ్లుగా తెలుగు మన ఇండ్లలో నోటి నుండి నోటికి నడుస్తూనే ఉన్నది. అది చిన్న విషయం కాదు. అయితే ఆ పంచాంగాన్ని తెలుగు అక్షరాలలో స్వయంగా చదవగలవారు మనలో ఎందరు అని ప్రశ్నించుకొంటే మాత్రం తల వంచుకోవలసి వస్తుంది. మాట మిగిలినది; వ్రాత జారిపోతున్నది.

ఇటువంటి సమయంలో తలచుకొనదగిన మహనీయుడు ఒకరు ఉన్నారు. ఆయన మన కులాలవారు కారు, మన ఊళ్ళవారు కారు. మహమ్మదీయ గురుపీఠంలో పుట్టి, పారశీకం, అరబ్బీ, ఉర్దూ, సంస్కృతం నేర్చి, తెలుగులో కావ్యాలు, నాటకాలు వ్రాసిన సూఫీ గురువు. ఆయనే పిఠాపురం శ్రీ ఉమర్ ఆలీషా కవి.

సూఫీ అనే మాట మన పాఠకులకు కొత్తగా తోచవచ్చును. అరబ్బీలో సూఫ్ అంటే ఉన్ని. ముతక ఉన్నిబట్ట కట్టుకొని లోకభోగాలను విడిచిన తాపసులకు ఆ పేరు వచ్చినదని పండితులు చెప్తారు. మాట కొత్తదైనా మనుష్యులు మనకు కొత్తవారు కారు. మదురలో వైగై నదికి ఉత్తరపు గట్టున గోరిపాళయం దర్గా ఉన్నది. ఆ దర్గాకు పూర్వం పాండ్యరాజు ఇచ్చిన గ్రామాల దానాన్ని మన వీరప్ప నాయకుడు 1573లో స్థిరపరచినట్లు అక్కడ శాసనం కలదు. తొండి సమీపాన గుణంగుడిలో పుట్టిన మస్తాన్ సాహేబు తిరుప్పరంకుండ్రం కొండమీద నలుబది దినాలు ఏకాంత దీక్ష పట్టి, తరువాత తమిళంలో తత్త్వకీర్తనలు పాడి, 1838లో కాలధర్మం చెందినారు. అరవ నాట మస్తాన్ సాహేబు తమిళాన్ని పట్టుకొన్నట్లే, గోదావరి సీమలో ఉమర్ ఆలీషా తెలుగును పట్టుకొన్నారు.

ఆయన 1885 ఫిబ్రవరి 28వ తేదీన పిఠాపురంలో జన్మించినారు. తల్లి చాంద్ బీబీ, తండ్రి మొహియుద్దీన్ బాద్షా. వారి పూర్వులు పారశీక దేశం నుండి వచ్చినవారని పీఠ సంప్రదాయం చెప్తుంది. ఈనాడు శ్రీ విశ్వవిజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠమని పేరొందిన ఆ గురుపరంపరలో తండ్రి అయిదవవారు, ఉమర్ ఆలీషా ఆరవవారు. ఈనాటి తొమ్మిదవ పీఠాధిపతికి కూడ ఇదే పేరు కలదు గనుక, మనం చెప్పుకొంటున్నది ఆరవ పీఠాధిపతియైన కవిని గురించి అని పాఠకులు గమనించాలి.

ఆ కాలపు పిఠాపురం సామాన్యమైన ఊరు కాదు. కుక్కుటేశ్వరస్వామి ఆలయం, పాదగయ ఉన్న పుణ్యక్షేత్రం. సంస్థానాధీశులు శ్రీ రావు వేంకట కుమార మహీపతి సూర్యారావుగారు కూడ 1885లోనే పుట్టినవారు. కవులను, పండితులను పోషించి, సూర్యరాయాంధ్ర నిఘంటువు వెలువడటానికి కారకులైనవారు. ఒకవైపు వేదాంతం చెప్పే పండితులు, ఇంకొకవైపు పద్యం చెప్పే కవులు, తన ఇంటిలో ఖురాను, పారశీక కావ్యాలు: ఈ మూడింటి నడుమ ఆ బాలుడు పెరిగినాడు. పసితనంలోనే పద్యవిద్య అబ్బినది. సంస్కృతాంధ్రాలు శ్రద్ధగా అభ్యసించినారు. ఇంటి విద్యలైన అరబ్బీ పారశీకాలను విడువలేదు. ఆంగ్లం కూడ నేర్చినారు.

ఇన్ని భాషలు నేర్చినది పాండిత్య ప్రదర్శనకు కాదు. విద్యను గురించి సూఫీలకు ఒక ప్రత్యేకమైన దృష్టి కలదు. అది తెలియకపోతే ఈయన జీవితం బోధపడదు.

విషయాన్ని గురించి తెలియటం వేరు, ఆ విషయం తనలో జరగటం వేరని సూఫీలు చెప్తారు. పదకొండవ శతాబ్దంలో గజాలీ అనే మహాపండితుడు బాగ్దాదులోని నిజామియా విద్యాలయంలో ప్రధానాచార్యుడుగా ఉండేవాడు. ఆయన పాఠం వినటానికి వందలకొలది శిష్యులు చేరేవారు. అంతటి కీర్తిలో ఉండగా 1095లో పదవిని వదలి దేశాటనకు బయలుదేరినాడు. ఆరోగ్య లక్షణాలన్నీ ఏకరువు పెట్టగల వైద్యుడు తాను రోగియై ఉండవచ్చును గదా! తన శాస్త్రజ్ఞానం కూడ అటువంటిదే అని ఆయనకు తోచినది. పుస్తకంలో ఉన్నదానిని బ్రతుకులోనికి తెచ్చుకొనటానికి ఆయన సూఫీ మార్గం పట్టినాడు.

ఈ సంగతి కోయంబత్తూరు వారికి వేరే ఉదాహరణతో సులభంగా చెప్పవచ్చును. కలంగల్ గ్రామంలో పుట్టిన మన జి. డి. నాయుడుగారు బడిచదువును మధ్యలో విడిచిపెట్టి, ఒక ఆంగ్లేయ అధికారి మోటారు సైకిలును చూచి ముచ్చటపడి, పనిచేసి డబ్బు కూడబెట్టి దానినే కొని, మరలు విప్పి, మళ్ళీ బిగించి యంత్రవిద్య నేర్చినారు. యంత్రం విషయంలో నాయుడుగారు చేసిన పనినే సూఫీ తన మనస్సు విషయంలో చేస్తాడు. తనను తాను విప్పి చూచుకొంటాడు. ఏ మర ఎక్కడ తుప్పు పట్టినదో కనిపెడతాడు. శుభ్రపరచి మళ్ళీ బిగించుకొంటాడు.

దీనికి వారు కొన్ని అభ్యాసాలు ఏర్పరచుకొన్నారు. భగవన్నామాన్ని శ్వాసతో కలిపి స్మరించటం జిక్రు. మనస్సును ఒకచోట నిలిపి కనిపెట్టి ఉండటం మురాఖబా. వర్తకుడు రాత్రి కొట్టు కట్టే ముందు చిట్టా ఆవర్జాలు సరిచూచుకొన్నట్లు, ఆనాటి మాటలను, చేతలను, ఉద్దేశాలను లెక్క చూచుకొనటం ముహాసబా. క్రీ. శ. 857లో గతించిన ముహాసిబీ అనే గురువుకు ఈ లెక్క చూచుకొనే అలవాటు వల్లనే ఆ పేరు వచ్చినది. మనస్సుకు మూడు దశలు కూడ చెప్తారు. మొదటిదానిలో అది యజమాని వలె ఆజ్ఞాపించి చెడ్డ పనులు చేయిస్తుంది. రెండవదానిలో చేసినదానికి తనను తానే నిందించుకొంటుంది. మూడవదానిలో శాంతిస్తుంది. మొదటి మెట్టు నుండి రెండవ మెట్టు ఎక్కటమే అన్నిటికంటె కష్టం. తన తప్పు తనకు కనపడదు గనుక, దానిని చూపే అద్దంవలె గురువు కావాలి. గురువును ముర్షీదనీ, శిష్యుని మురీదనీ పిలుస్తారు.

ఉమర్ ఆలీషా తండ్రి తరువాత ఇటువంటి గురుస్థానంలో కూర్చున్నారు. ఆయనను ఆశ్రయించిన శిష్యులలో హిందువులు, మహమ్మదీయులు ఉభయులూ ఉన్నారు. వారికి బోధ చేయవలసిన భాష ఏది అన్నప్పుడు ఆయన తడబడలేదు. గోదావరి జిల్లాల రైతుకు, నేతగానికి, ఇల్లాలికి హృదయంలో నాటుకొనేది తెలుగే. అరబ్బీ పారశీకాలలోని తత్త్వాన్ని అద్వైత వేదాంతపు పరిభాషతో జోడించి తెలుగులో చెప్పినారు. ఆయన తత్త్వబోధలు తత్త్వసందేశం అనే పేర గ్రంథమైనవి. బ్రహ్మవిద్యావిలాసం అని మరొక గ్రంథం కలదు.

కవిగా ఆయన కృషి చాల పెద్దది. అనసూయాదేవి, కళ, చంద్రగుప్త మొదలైన నాటకాలు వ్రాసినారు. బర్హిణీదేవి, సూర్యాస్తమయము మొదలైన కావ్యాలు రచించినారు. ఖండకావ్యాలు, నవలలు కూడ కలవు. పురాణ కథలోని అనసూయను తీసుకొని మహమ్మదీయ కవి తెలుగు నాటకం కట్టటం ఆయనకు సాహసంగా తోచలేదు. తన చుట్టూ ఉన్న ప్రజల కథలన్నీ తనవే అనుకొన్నారు. అలాగే తన ఇంటి సంపదను వారికి పంచిపెట్టినారు. మహమ్మద్ ప్రవక్త చరిత్రను తెలుగువారికి తెలుగులోనే వినిపించినారు. పారశీకంలోని వైద్యగ్రంథాన్ని ఒకదానిని కూడ తెలుగు చేసినారు. స్త్రీలకు విద్య, గౌరవం ఉండాలనే పక్షం ఆయన రచనలలో స్పష్టంగా కనపడుతుంది.

ఆయన చేసిన పనులలో మనం ప్రత్యేకంగా నిలిచి చూడవలసినది ఉమర్ ఖయ్యాం అనువాదం. ఖయ్యాం పదకొండు, పన్నెండు శతాబ్దాలనాటి పారశీక కవి, గణిత శాస్త్రజ్ఞుడు. 1859లో ఫిట్జిరాల్డు అనే ఆంగ్లేయుడు ఆయన రుబాయీలను స్వేచ్ఛగా ఆంగ్లంలోకి మార్చినాడు. లోకమంతా ఆ ఆంగ్ల గీతాలనే చదివి ఖయ్యామును మధుపాన ప్రియుడుగా ఊహించుకొన్నది. మన తెలుగులో కొందరు మహాకవులు ఆ ఆంగ్లంతో తృప్తిపడక మూలానికి వెళ్ళినారు. ఆదిభట్ల నారాయణదాసుగారు పారశీక మూలాన్ని, ఆంగ్లాన్ని ప్రక్కప్రక్కన పెట్టుకొని సంస్కృతంలోకి, అచ్చతెలుగులోకి మార్చి 1932లో ప్రకటించినారు. దువ్వూరి రామిరెడ్డిగారు పారశీకం నేర్చుకొని పానశాల రచించినారు. వారిద్దరూ కష్టపడి ఆ భాష వద్దకు నడచిపోయినవారు. ఉమర్ ఆలీషాకు అది పెద్దలిచ్చిన ఆస్తి. ఆయనకు రుబాయీలోని మధువు అంగడి మధువు కాదు. సూఫీల సంకేతంలో అది భగవత్ప్రేమ, పానపాత్ర మానవ హృదయం, పోసేవాడు గురువు. ఖయ్యాం నిజంగా సూఫీయేనా అని పండితులలో వాదం ఉన్నది. అయినా పీఠంలో పెరిగిన ఉమర్ ఆలీషా ఆ పద్యాలను ఏ కంటితో చదివినారో తెలుసుకొనటానికి ఆ అనువాదం మనకు మిగిలినది.

ఈయన గుహలో కూర్చున్న యోగి కారు. లోకంలో ఉండి లోకానికి బానిస కాకుండా ఉండటమే సూఫీ సాధన. స్వాతంత్ర్యోద్యమంలో కాంగ్రెసు పక్షాన నిలిచినారు. అప్పుడు పిఠాపురం, కోయంబత్తూరు, మదుర అన్నీ ఒకే మదరాసు రాజధానిలో ఉండేవి. దానిలోని ఉత్తరభాగపు మహమ్మదీయ నియోజకవర్గం నుండి కేంద్ర శాసనసభకు ఎన్నికై, 1935 మొదలు తుదివరకు ఢిల్లీలో సభ్యులుగా ఉన్నారు. మతం పేర ప్రజలను విడదీసే మాటలు దేశంలో నానాటికీ పెరుగుతున్న ఆ పదేండ్లలో, ఉభయ మతాలవారిని ఒకే చాపమీద కూర్చుండబెట్టి తెలుగులో తత్త్వం చెప్పే గురువు ఒకరు ఆ సభలో ఉండటం గమనింపదగిన విషయం.

1945 జనవరి 23వ తేదీన నరసాపురంలో ఆయన పరమపదించినారు. అప్పటికి అరువది ఏండ్లు నిండలేదు. స్వరాజ్యాన్ని చూచే భాగ్యం కలుగలేదు. తరువాత కుమారుడు హుస్సేన్ షా ఏడవ పీఠాధిపతియై తండ్రి బాటలోనే తెలుగులో బోధించినారు. పీఠం ఈనాటికీ పిఠాపురంలో నడుస్తున్నది.

ఈ జీవితాన్ని మన జీవితంతో పోల్చి చూచుకొంటే ఒక సంగతి తెలుస్తుంది. ఆయన ఇంటి సంప్రదాయానిది ఒక భాష, నిలిచిన నేలది మరొక భాష. మన స్థితి కూడ అంతే. ఇంట తెలుగు, బయట తమిళం. నిలిచిన నేల భాషను ఆయన పరభాషగా చూడలేదు. దానిలో కావ్యం చెప్పేటంతగా ప్రేమించినారు. మనమూ తమిళాన్ని అంతగానే ప్రేమించాలి. మనలో చాలమంది ప్రేమిస్తూనే ఉన్నారు. కాని ఆయన రెండవ పని కూడ చేసినారు. పెద్దల భాషను వంటింటి మాటగా మాత్రమే మిగలనీయక, దాని అక్షరాలు నేర్చి, దాని గ్రంథాలు చదివినారు. పారశీకపు వ్రాత రాకపోయి ఉంటే ఖయ్యాం తాళం వేసిన పెట్టెలోనే ఉండిపోయేవాడు. పూర్వుల నుండి వచ్చిన తత్త్వం పేరుకు మాత్రం మిగిలేది.

మన పిల్లలకు వేమన, పోతన, త్యాగయ్య అటువంటి పెట్టెలలోనే ఉన్నారు. తాళపుచెవి ఏబదియారు అక్షరాలు. చదువంటే ఉద్యోగానికి పనికివచ్చేదే అనుకొంటే ఈ అక్షరాలతో పని లేదు. తాను ఎవరో, తన మాటలో ఎవరి మాటలు పలుకుతున్నవో తెలుసుకొనటం కూడ చదువే అని ఒప్పుకొంటే మాత్రం వీటిని విడువ వీలులేదు. తెలుగు చదవగల తాతగారు గాని, అమ్మమ్మగారు గాని ఏ ఇంట ఉన్నారో, ఆ ఇంట రాత్రి భోజనాలైన తరువాత పావుగంటసేపు పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని ఒక పుట చదివించవచ్చును. అటువంటివారు లేని ఇంటి పిల్లలను ప్రక్కింటివారు పిలువవచ్చును. సూఫీలు చెప్పిన రాత్రి లెక్కలో ఇది కూడ ఒక పద్దుగా వ్రాసుకొందాము.

వచ్చే ఉగాదికి మన పంచాంగం చదివే గొంతు ఒక చిన్నవాడిదో, చిన్నదానిదో కావాలని కోరుతూ, సోదర సోదరీమణులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.