రెండు వేల సార్లు నేలకు దిగిన మనిషి: ఒట్టో లిలియెంథాల్

విమానం కనిపెట్టింది ఎవరని స్టడీ అవర్‌లో ఏ తమ్ముణ్ణి అడిగినా రైట్ సోదరులని టక్కున చెప్తాడు. బిట్ బ్యాంకులో అంతే ఉంటుంది. ఆ రైట్ సోదరులు ఎవరి గురించి చదివి ఈ పనిలోకి దిగారో ఆయన పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. ఆయనే ఒట్టో లిలియెంథాల్. ఈ రోజు హ్యాంగ్ గ్లైడర్లు, అల్ట్రాలైట్ విమానాలు నడిపేవాళ్లందరికీ ఆయన పెద్దన్న లాంటివాడు.

ఒట్టో 1848 మే 23న జర్మనీ ఉత్తరాన ఆంక్లాం అనే చిన్న ఊళ్లో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లే పిల్లల్ని చదివించింది. ఆ ఊరి పచ్చిక బయళ్లలో కొంగలు ఎక్కువ. ఒట్టో, తమ్ముడు గుస్తావ్ వాటి వెంట తిరిగేవాళ్లు. కొంగ ఎప్పుడూ గాలికి ఎదురుగానే పైకి లేస్తుందని కనిపెట్టారు. పద్నాలుగేళ్ల వయసులో చెక్కలతో రెక్కలు చేసుకుని, తోటి పిల్లలు నవ్వుతారని రాత్రిపూట ప్రయత్నించారట. రెక్కలు లేవలేదు గానీ కోరిక లేచింది.

తర్వాత బెర్లిన్‌లో ఇంజనీరింగ్ చదువు. మొదట్లో మంచం కూడా వేరే పనివాళ్లతో పంచుకుని పడుకోవాల్సి వచ్చింది. స్కాలర్‌షిప్ దొరికాక కాస్త ఊపిరాడింది. మా ఇంట్లో నాకు ముందు డిగ్రీ దాకా వచ్చినవాళ్లు లేరు. అందుకేనేమో ఆయన గ్లైడర్ల కంటే ముందు ఈ మంచం సంగతే నాకు గుర్తుండిపోయింది. 1870లో యుద్ధానికి వెళ్లి వచ్చాడు. ఆ తర్వాత బెర్లిన్‌లో సొంతంగా బాయిలర్లు, ఆవిరి యంత్రాల ఫ్యాక్టరీ పెట్టాడు. లాభంలో నాలుగో వంతు కార్మికులకు పంచే పద్ధతి తెచ్చాడు. పక్షులు ఎగిరే తీరుపై ఏళ్ల తరబడి చేసిన కొలతలన్నీ 1889లో పుస్తకంగా వేశాడు.

అసలు ఎగరడం మొదలుపెట్టింది 1891లో, నలభై మూడేళ్ల వయసులో. డెర్విట్స్ అనే ఊరి దగ్గర సుమారు 25 మీటర్లు గాలిలో సాగాడు. 1893 నాటికి రైనో కొండల మీద నుంచి 250 మీటర్ల వరకు వెళ్లాడు. 1894లో బెర్లిన్ శివారులో ఇటుక బట్టీల మట్టితో 15 మీటర్ల దిబ్బ పోయించుకున్నాడు. దిబ్బ గుండ్రంగా ఉండటం వల్ల గాలి ఎటు నుంచి వచ్చినా ఎదురుగా పరిగెత్తి దూకవచ్చు.

గ్లైడర్ అంటే సన్నటి కర్రల చట్రం, దాని మీద బట్ట. బరువు 20 కిలోలు. ఇంజిను లేదు, చుక్కాని తిప్పే తాడు లేదు. ముంజేతులు చట్రంలో ఇరికించి, నడుము నుంచి కిందికి వేలాడుతూ కాళ్లు అటూ ఇటూ ఊపి బరువు మార్చాలి. అదే స్టీరింగ్, అదే బ్రేకు.

దిగడం ఎలాగో గోడ మీద వాలే కాకిని చూస్తే తెలుస్తుంది. చివరి క్షణంలో ఒళ్లు నిలువుగా చేసి రెక్కల్ని గాలికి అడ్డం పెడుతుంది. వేగం చచ్చిపోతుంది, మెత్తగా వాలుతుంది. లిలియెంథాల్ కూడా నేల దగ్గరికి రాగానే బరువు వెనక్కి వేసి, గ్లైడర్ ముందుభాగం పైకి లేపి, రెండు కాళ్ల మీద దిగేవాడు. నేటి హ్యాంగ్ గ్లైడర్ పైలట్లు కూడా దాదాపు అలాగే దిగుతారు. కానీ ఇదే పని నేల దగ్గర జరిగితే ల్యాండింగ్, ఎత్తులో జరిగితే ప్రమాదం. ముందుభాగం మరీ పైకి లేచి వేగం తగ్గితే గాలి రెక్క పైభాగాన్ని వదిలేస్తుంది. మోసే శక్తి పోతుంది. దీన్నే స్టాల్ అంటారు. వెంటనే ముక్కు దించి వేగం తెచ్చుకోవాలి. దానికి ఎత్తు కావాలి, అలవాటు కావాలి.

1894లో ఒకసారి చేతి ఆధారం విరిగి తలకిందులుగా పడ్డాడు. ముందు భాగాన కట్టుకున్న వంపు కర్ర దెబ్బను కాచుకుని తను ముక్కలైంది, ఆయన బతికాడు.

1896 ఆగస్టు 9, ఆదివారం. గోలెన్‌బర్గ్ కొండ. ఎండకు వేడెక్కిన నేల నుంచి లేచిన గాలి గ్లైడర్‌ను ఒక్కసారి పైకి ఎత్తి, గాలిలోనే నిలబెట్టేసింది. ఆయన కాళ్లు ముందుకు విసిరి ముక్కు దించబోయాడు. ఎత్తు సుమారు 15 మీటర్లే. వెన్నెముక మెడ దగ్గర విరిగింది. మర్నాడు బెర్లిన్‌లో చనిపోయాడు. వయసు 48.

2016లో జర్మన్ అంతరిక్ష పరిశోధన కేంద్రం ఆ గ్లైడర్‌కు నకలు చేయించి గాలి సొరంగంలో పరీక్షించింది. నిలకడగా ఎగరగల నిర్మాణమేనని తేలింది. మరి ఇన్నిసార్లు ఎగిరినవాడు ఎందుకు పడ్డాడు? సమాధానం 1901లోనే విల్బర్ రైట్ ఒక సభలో లెక్క కట్టి చూపించాడు. ఐదేళ్లలో లిలియెంథాల్ గాలిలో ఉన్న మొత్తం సమయం ఐదు గంటలు. సుమారు రెండు వేల సార్లు ఎగిరాడు కాబట్టి ఒక్కోసారి సగటున తొమ్మిది సెకన్లే! దిగడంలో ఆయన ఆరితేరాడు. గాలిలో తడబడితే సర్దుకోవడం నేర్చుకునేందుకు మాత్రం ఆ తొమ్మిది సెకన్లు చాలలేదు. నేర్పేవాళ్లు కూడా అప్పటికి భూమ్మీద లేరు. అందుకే రైట్ సోదరులు గాలి బాగా వీచే, పడినా మెత్తగా ఉండే ఇసుక తీరం వెతుక్కున్నారు. ముక్కు దించి లేపే చిన్న రెక్కను ముందు భాగాన పెట్టారు. ఇంజిను సంగతి తర్వాత చూద్దామని 1902లో వందల సార్లు గ్లైడర్ మీదే సాధన చేశారు.

గోలెన్‌బర్గ్ కింద ఇప్పుడొక పెద్ద జెట్ విమానం ఉంది. 1989 అక్టోబర్ 23న తూర్పు జర్మనీ విమాన సంస్థ ఇంటర్‌ఫ్లుగ్ తన ఇల్యూషిన్-62 విమానాన్ని లిలియెంథాల్ జ్ఞాపకంగా అక్కడికి పంపింది. నాలుగు ఇంజిన్ల ఆ విమానాన్ని కెప్టెన్ హైన్స్-డీటర్ కల్బాఖ్ సుమారు 900 మీటర్ల గడ్డి నేల మీద దుమ్ము రేపుతూ దించి ఆపాడు. అది మళ్లీ ఎగరలేదు. మ్యూజియం చేశారు. దానికి పెట్టిన పేరు లేడీ ఆగ్నెస్. ఆగ్నెస్ లిలియెంథాల్ భార్య పేరు.