స్ముర్న సంఘపు వృద్ధ కాపరి పొలికార్పు

ధ్యాన భాగము: ప్రకటన 2:8-11



ప్రకటన గ్రంథములోని ఏడు సంఘముల పేర్లను మన సండేస్కూలు పిల్లలు గుక్క తిప్పుకొనకుండ చెప్పుదురు. వాటిలో రెండవది స్ముర్న. ప్రభువు ఆ సంఘమునకు వ్రాయించిన మాటలలో గద్దింపు ఒక్కటియు లేదు. రానున్న శ్రమను గూర్చిన హెచ్చరికయు, ప్రాణము పోయినను విశ్వాసము విడువరాదను ఆజ్ఞయు ఉన్నవి. ఆ ఆజ్ఞను గైకొనిన ఒక కాపరి చరిత్రను ఈ నెల తలంచుకొందము.

మొదట ఆ పట్టణమును చూతము. స్ముర్న ఏజియను సముద్రపు తూర్పు తీరమున, భూమిలోనికి చొచ్చుకొనివచ్చిన అఖాతపు కొసను వెలసిన గ్రీకు పట్టణము. ఎఫెసునకు ఉత్తరముగా సుమారు 35 మైళ్ల దూరమున నున్నది. ఎఫెసు రేవు నది తెచ్చిన ఒండ్రుతో పూడిపోయెను గాని స్ముర్న రేవునకు నేటికిని ఓడలు వచ్చుచున్నవి. ఇప్పుడది టర్కీ దేశములోని ఇజ్మీరు నగరము.

క్రీ.పూ. 600 ప్రాంతమున లుదియ రాజు అలియట్టెసు ఆ పట్టణమును పాడుచేసెను. సుమారు మూడు వందల యేండ్లు దాని జనులు పల్లెలలో చెదరి బ్రదికిరి. అలెగ్జాండరు గతించిన పిమ్మట ఆయన సేనానులైన ఆంటిగోనసు, లిసిమాకసు దానిని పాగోసు కొండ వాలునను రేవు ప్రక్కను మరల కట్టించిరి. వీధులు తిన్ననివి, రాళ్లు పరచినవి. అయితే మురుగు కాలువలు లేనందున వాన కురిసినప్పుడు మురికి వీధులలోనే పారెడిదని స్త్రాబో అను పండితుడు వ్రాసెను.

రోమాకు తనంత నమ్మకమైన పట్టణము లేదని స్ముర్న అతిశయించెడిది. క్రీ.పూ. 195లోనే రోమా దేవతకు గుడి కట్టెను. క్రీ.శ. 26లో తిబెరి కైసరు గుడి కొరకు 11 పట్టణములు పోటీపడగా ఆ గౌరవము స్ముర్నకే దక్కెను. అట్టిచోట కైసరు ప్రభువని పలుకని క్రైస్తవుడు రాజద్రోహిగా ఎంచబడెను.

పొలికార్పు 69వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. ఆయన యోహాను వలన ప్రభువును గూర్చి వినెనని, బాల్యమున ఆయన బోధను వినిన ఐరేనియసు సాక్ష్యమిచ్చెను. అంతియొకయ అధ్యక్షుడు ఇగ్నేషియసు సంకెళ్లతో రోమాకు పోవుచు స్ముర్నలో ఆగినప్పుడు ఈయన ఆదరించెను. ఈయన ఫిలిప్పీ సంఘమునకు వ్రాసిన పత్రిక ఇప్పటికిని నిలిచియున్నది. వృద్ధాప్యమున రోమాకు వెళ్లి పునరుత్థాన పండుగ ఆచరించు దినమును గూర్చి అధ్యక్షుడు అనికేతుతో మాటలాడెను. ఏకాభిప్రాయము కుదరలేదు. అయినను అనికేతు ప్రభు సంస్కారము నడిపించు గౌరవమును ఈయనకే ఇచ్చెను. చిన్న భేదములకే వేరు ప్రార్థనాలయములు కట్టుకొను మనము దీనిని గమనింపవలెను.

155 ప్రాంతమున స్ముర్నలో హింస లేచెను. ఫ్రుగియవాడైన క్వింటసు తనంతట తానే అధికారుల యెదుటికి పోయి, మృగములను చూడగానే జడిసి కైసరు పేర ఒట్టుపెట్టి బలి అర్పించెను. పొలికార్పు చావును వెదకలేదు. స్నేహితులు బతిమాలగా ఒక పొలములోని ఇంటికి, అచ్చటనుండి మరియొక ఇంటికి వెళ్లెను. దెబ్బలకు తాళలేక ఒక దాసుడు జాడ చెప్పెను. పట్టుకొన వచ్చిన భటులకు ఆయన భోజనము పెట్టించి, ప్రార్థనకు గడియ సేపు సెలవడిగి, నిలువబడి రెండు గంటలు ప్రార్థించెను. ఇట్టి వృద్ధుని పట్టుకొన వచ్చితిమేయని వారిలో కొందరు నొచ్చుకొనిరి.

రక్షకభటుల అధికారి ఆయనను తన బండిలో ఎక్కించుకొని, కైసరు ప్రభువని పలికి ధూపము వేసిన నష్టమేమని నచ్చజెప్పెను. ఆయన ఒప్పుకొనకపోగా త్రోసివేయుటచే మోకాలి క్రింద గాయమాయెను. క్రీడారంగములో గవర్నరు క్రీస్తును దూషింపుమనెను. 86 యేండ్లుగా తనకు మేలే చేసిన రాజును విడువలేనని ఆయన తెలిపెను. మేకులు కొట్టనక్కరలేదని చెప్పగా త్రాళ్లతో మాత్రమే కట్టి నిప్పంటించిరి. తుదకు కత్తితో పొడిచిరి.

స్ముర్న 178లో భూకంపమునకు కూలి మరల లేచెను. 1922లో అగ్నికి ఆహుతియై మరల లేచెను. కైసరు గుడి మాత్రము లేవలేదు.

మనలను నేడు కైసరుకు ధూపము వేయుమని ఎవరును అడుగరు. కోర్టులో బంధువు కొరకు ఒక్క అబద్ధము చెప్పుమందురు, ధాన్యము కొలుచునప్పుడు ఒక్క మానిక తగ్గింపుమందురు. ఇంతమాత్రమునకు నష్టమేమని ఆ అధికారివలెనే నచ్చజెప్పుదురు. కాపరులమైన మేమును అట్టివేళ నోరు మెదపక ఊరకున్న దినములున్నవని ఒప్పుకొనుచున్నాము. ఆ వృద్ధుని నిలువబెట్టిన ప్రభువు మిమ్మును మమ్మును నిలువబెట్టునుగాక. ఆమేన్.