గిడుగు రామమూర్తి పంతులుగారు: బడిపిల్లవాని వ్యాసం

ఆంధ్ర వాఙ్మయ చరిత్రలో కవులకు గాని, వ్యాఖ్యాతలకు గాని, లాక్షణికులకు గాని కొరత లేదు. పరీక్ష గదిలో కాగితం ముందు పెట్టుకొని, తోచిన మాటను వ్రాయడానికి జంకే బాలుని పక్షం వహించిన పండితులు మాత్రం బహు అరుదు. అట్టి అరుదైన వారిలో అగ్రగణ్యులు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా వారిని ఎరుగని తెలుగువారు ఉండరు. కాని ఆ మహోద్యమం బడిపిల్లల వ్యాసరచనను ఏ కొలతతో కొలవాలి అన్న చిన్న ప్రశ్న నుండి పెరిగిందన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు.

పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగానికి సమీపమున ఉన్న పర్వతాలపేటలో వీర్రాజు, వెంకమ్మ దంపతులకు జన్మించారు. చిన్నతనంలోనే తండ్రి గతించడంతో విజయనగరంలో బంధువుల ఆశ్రయంలో ఉండి చదువుకున్నారు. అక్కడ మహారాజావారి పాఠశాలలో గురజాడ అప్పారావుగారు వారికి సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తి చేసి, మరుసటి ఏడు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతంపై చరిత్ర బోధించే ఉపాధ్యాయులుగా కుదిరారు. పై చదువులు ఉద్యోగం చేసుకుంటూనే సాగించారు.

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలిసినవారు గాని, వారి పిల్లలకు చదువు చెప్పేవారు గాని ఆనాడు లేరు. పంతులుగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకొని ఆ భాష నేర్చారు. మన్యంలో తిరిగి జ్వరం తెచ్చుకున్నారు. క్వినైను సేవించగా జ్వరం తగ్గింది గాని చెవుడు మాత్రం జీవితాంతం మిగిలిపోయింది. సవర భాషలో వాచకాలు వ్రాశారు; స్వంత ఖర్చుతో బడులు పెట్టి సవర పిల్లలకు వారి మాటలలోనే పాఠాలు చెప్పించారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు. పిల్లవాడు తన నోట పలికే మాటతోనే చదువు మొదలుకావాలన్న సిద్ధాంతం వారికి ఈ కొండబడులలోనే అనుభవసిద్ధమైంది.

1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులకు పాఠశాలల పర్యవేక్షకులుగా జె. ఎ. యేట్సు అనే ఆంగ్లేయుడు వచ్చారు. ప్రజలు మాటలాడే తెలుగు ఒకటి, బడిలో బాలురు చదివి వ్రాసే తెలుగు మరొకటి కావడం వారికి వింతగా తోచింది. విశాఖపట్నంలోని ఏ. వి. ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారిని ఇందుకు కారణ మడిగారు. వారు పంతులుగారిని, అప్పారావుగారిని చూపించారు. అప్పటినుండి ఈ నలుగురి ఆలోచన ఒకటైంది.

ఆనాటి వ్యాస పరీక్ష తీరు గమనింపదగినది. బాలుడు తన ఊరి తిరునాళ్ళను గురించి వ్రాయవలసి ఉన్నదనుకుందాం. చూచినది చెప్పడానికి అతనికి మాటలు కొల్లలు. కాని వస్తున్నారు అన్నది తప్పు, వచ్చుచున్నారు అన్నది ఒప్పు. అరసున్న ఎక్కడ ఉండాలో, బండి ఱ ఎక్కడ రావాలో, ద్రుతం మీద సరళాదేశం ఎప్పుడు చేయాలో తెలియాలి. ఇవన్నీ తలచుకొనేసరికి చెప్పదలచిన విషయం మరుగున పడేది. కాబట్టి తెలివైన బాలుడు కంఠస్థం చేసిన వాక్యాలను అతికించేవాడు. తక్కినవాడు కలం కదపలేకపోయేవాడు. పరీక్షకుడు దిద్దినది వాని ఆలోచనను కాదు, వాని జ్ఞాపకశక్తిని. పంతులుగారి ఆక్షేపణ సారాంశ మిదే.

1912-13లో స్కూలు ఫైనల్ బోర్డువారు వ్యాసరచనను కావ్యభాషలో గాని, ఆధునిక భాషలో గాని వ్రాయవచ్చునని ఉత్తరువు వెలువరించారు. ఆధునిక భాషకు మాదిరిగా బ్రౌను రీడరును, ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర చరిత్రను పేర్కొన్నారు. దానితో పండితలోకం భగ్గుమన్నది. 1911లో మద్రాసులో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షాన జయంతి రామయ్య పంతులుగారు ప్రతిపక్షానికి నాయకత్వం వహించారు. వారి భయం నిరాధారమని కొట్టివేయదగినది కాదు. జిల్లాకొక పలుకుబడి ఉన్న దేశంలో పరీక్షకుడు దేనిని ఒప్పు అని నిర్ణయించగలడు? నన్నయనాటి నుండి వచ్చిన భాషతో పిల్లలకు సంబంధం తెగిపోదా? ఈ ప్రశ్నలు వేసినవారు కూడ తెలుగును ప్రేమించినవారే.

పంతులుగారు దీనికి చెప్పిన సమాధానం సూటియైనది. చదువుకున్న శిష్టుల వాడుకలో ప్రమాణం ఉన్నదని, శాసనాలు, పాత వచన గ్రంథాలు, లేఖలు దానికి సాక్ష్యమని వారు చూపారు. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఆంగ్లమున విజ్ఞాపన ప్రకటించారు. గ్రాంథికవాదులైన ప్రసిద్ధుల రచనలనే తీసుకొని, వారు నమ్మిన వ్యాకరణం ప్రకారమే అందులోని తప్పులను వరుసగా ఎత్తి చూపారు. జీవితమంతా ధారపోసిన పండితునికే పట్టుబడని భాషలో పదునైదేండ్ల బాలుడు తప్పు వ్రాశాడని మార్కులు తగ్గించడం ఏమి న్యాయమన్నదే ఆ శ్రమ అంతటిలోని వాదం. బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం, గద్యచింతామణి ఈ కృషికి ఫలాలు. ప్రాచీన కావ్యాలను చదవవద్దని వారు ఏనాడూ అనలేదు. ఆ కావ్యాలలో వారికి గల పాండిత్యమే వారి ఆయుధం.

జయం వెంటనే చేకూరలేదు. విశ్వవిద్యాలయంవారు నియమించిన సంఘంలో అప్పారావుగారు 1914లో అసమ్మతి పత్రం సమర్పించవలసి వచ్చింది. మరుసటి ఏడే వారు కీర్తిశేషులైనారు. బడులలో లభించిన వెసులుబాటు కూడ నిలువలేదు. పంతులుగారు వెనుదీయలేదు. 1919లో తెలుగు అనే మాసపత్రిక స్థాపించారు. ఆ ఏడే రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడగా కందుకూరి వీరేశలింగం పంతులుగారు దానికి అధ్యక్షులైనారు. కొలది నెలలకే వారు దివంగతులు కావడం మరొక దెబ్బ. 1924లో సాహిత్య పరిషత్తు వ్యావహారికంపై పెట్టిన నిషేధాన్ని ఎత్తివేసింది.

1936లో ఒడిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరగా, వృద్ధులైన పంతులుగారు ఐదు దశాబ్దాలకు పైగా నివసించిన ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరి 22న మద్రాసులో పరమపదించారు. పాఠ్యగ్రంథాలు, పరీక్షలు సంపూర్ణంగా వాడుక భాషలోకి రావడం వారు కన్నులార చూడలేదు. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమీ కళాశాల పాఠ్యగ్రంథాలను ఆధునిక భాషలో వెలువరించిననాడు వారి ఋణం కొంత తీరినది. వారి జన్మదినం నేడు తెలుగు భాషాదినోత్సవం.

ఉద్యోగరీత్యా స్వస్థలాలు విడిచి దూరప్రాంతాలలో కాపురమున్న తెలుగు కుటుంబాలకు పంతులుగారి జీవితం నేర్పే పాఠం ఒకటున్నది. పరాయి భాషల నడుమ పెరిగే పిల్ల తాతగారికి తెలుగున ఉత్తరం వ్రాసిననాడు, అందులో దీర్ఘాలు తప్పవచ్చు, వత్తులు జారవచ్చు. ఆ తప్పులను తరువాత దిద్దవచ్చును. ఆ పిల్ల ఏమి చెప్పదలచినదో ముందు చదవడమే పంతులుగారికి చెల్లించదగిన నివాళి.