అపర భగీరథుడు సర్ ఆర్థర్ కాటన్

అనంతపురం జిల్లాలోని కణేకల్ ప్రాంతం అనావృష్టికి పేరుపడిన మెట్టసీమ. నేడు ఆ సీమ గుండా తుంగభద్ర ఎగువ కాలువ ప్రవహిస్తున్నది. తుంగభద్ర జలాలను ఈ కరవు నేలకు మళ్ళించాలని 1860లోనే తలపోసిన దార్శనికుడు సర్ ఆర్థర్ కాటన్. మహాకార్యాన్ని సకాలంలో ముగించే నేర్పును ఆయన అంతకుముందే గోదావరి తీరాన నిరూపించాడు.

కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించాడు. 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరాడు. కావేరిపై చోళులు నిర్మించిన కల్లణను పరిశీలించి, ఇసుక పునాదిపై ఆనకట్టను నిలిపే విధానాన్ని గ్రహించాడు. 1836లో కొల్లడం నదిపై ఆనకట్టలు నిర్మించాడు.

1833 నాటి కరవు, 1839 నాటి తుపాను గోదావరి ప్రాంతాన్ని కుంగదీశాయి. 1847లో ధవళేశ్వరం వద్ద ఆనకట్ట పని ఆరంభమైంది. వరద తీసిన తరువాత మళ్ళీ వరద వచ్చేలోపు మాత్రమే నదిలో పని సాగుతుంది. ఆ గడువును ఎవరూ పొడిగించలేరు. సుమారు పదివేలమంది కూలీలు, వందలకొలది వడ్రంగులు, కమ్మరులు పనిచేశారు. కొండరాయి సమయానికి అందకపోతే తాపీవారు చేతులు కట్టుకొని కూర్చోవలసిందే. పనిముట్లు సిద్ధం కాకపోతే రాళ్ళు కొట్టేవారి శ్రమ వృథా. కనుక జనబలం ఎంత ఉన్నా, ఏ పనికి ఎందరు కావాలో తూచి నియమించడమే ప్రధానం. లంకల మధ్య నది నాలుగు పాయలుగా చీలి ఉండడంతో ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట రూపొందింది. కూలీలను సమీకరించి, వారిని ఉత్సాహపరచిన వీణెం వీరన్న సేవ చిరస్మరణీయం.

1848లో కాటన్ అనారోగ్యంతో సెలవుపై వెళ్ళాడు. అయినా పని ఆగలేదు. కెప్టెన్ ఓర్ ఆ బాధ్యతను స్వీకరించాడు. భారమంతా ఒక్కరి భుజాలపైనే ఉండి ఉంటే నిర్మాణం అక్కడే నిలిచిపోయేది. సుమారు 3.6 కిలోమీటర్ల ఆనకట్ట 1852లో పూర్తయింది.

తుంగభద్ర తలపు మాత్రం కాగితాలకే పరిమితమైంది. 1876-78 నాటి ఘోర క్షామంలో బళ్ళారి సీమ ప్రజలు అసంఖ్యాకంగా మరణించారు. కాటన్ 1899 జూలై 24న కన్నుమూశాడు. తుంగభద్ర ఆనకట్టకు 1945లో గాని శంకుస్థాపన జరగలేదు. 1953లో కాలువలకు నీరు విడుదలైంది.

గోదావరి ఆనకట్టకు పట్టినవి అయిదేళ్ళు. తుంగభద్ర నీటికై ఎదురుచూసినవి తొమ్మిది దశాబ్దాలు. శ్రమను సమంగా పంచి గడువులోగా పని ముగించడం ప్రాణాలను నిలుపుతుందని, జాప్యం వాటిని బలిగొంటుందని కాటన్ జీవితం బోధిస్తున్నది.