డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి

అభ్యాసకులారా! మీరు జంషెడ్‌పూర్‌ దగ్గరి పర్సుడీహ్‌లో ఉన్నా, ఆంధ్రదేశంలోని పల్లెలో ఉన్నా, ప్రభుత్వ బడికి వైద్య బృందం రావడం చూసే ఉంటారు. పిల్లల బరువు తూస్తారు. కళ్ళు, పళ్ళు, చెవులు చూస్తారు. వందేళ్ళ కిందట ఇది చాలా అరుదు. మన దేశంలో బడిపిల్లలకు మొదటిసారిగా వైద్య పరీక్షలు జరిగింది 1909లో, బరోడా నగరంలో. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ సంగతిని శాసనమండలి దాకా తీసుకువెళ్ళిన వైద్యురాలి గురించి ఇప్పుడు చదవండి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనివే.

ముత్తులక్ష్మి 1886 జూలై 30న పుదుక్కోట సంస్థానంలో పుట్టారు. తల్లి చంద్రమ్మాళ్‌ది దేవదాసీ కుటుంబం. ఆ రోజుల్లో ఆడపిల్ల పెద్దమనిషి అయితే బడి మాన్పించేవారు. ముత్తులక్ష్మికీ అదే జరిగింది. తండ్రి నారాయణస్వామి సాయంతో ఆమె ఇంట్లోనే చదువు సాగించారు. తర్వాత పుదుక్కోటలోని మగపిల్లల కళాశాలలో చేరబోతే, అబ్బాయిల తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. మహారాజా కలుగజేసుకొని సీటు ఇప్పించారు. 1907లో మద్రాసు వైద్య కళాశాలలో చేరి, 1912లో పట్టా పుచ్చుకున్నారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డిని పెళ్ళి చేసుకున్నారు. తనను సమానంగా చూడాలని, తన పనికి అడ్డు రాకూడదని ముందే షరతు పెట్టారు. ఆ కాలానికి అది చిన్న మాట కాదు!

1926లో ఆమెను మద్రాసు శాసనమండలికి నామినేట్ చేశారు. బ్రిటిష్ ఇండియాలో తొలి మహిళా శాసనసభ్యురాలు ఆమే. పురపాలక సంఘాలు, ఇతర స్థానిక సంస్థలు నడిపే బాలబాలికల బడులన్నింటిలో వైద్య పరీక్షలు జరగాలని అక్కడ కృషి చేశారు.

ఈ పరీక్షలు ఎందుకో ఆలోచించండి. నల్లబల్ల మీది అక్షరాలు కనిపించని పిల్లవాణ్ణి అయ్యవారు మొద్దు అంటారు. చెవి వినిపించని పిల్లను పరధ్యానం అంటారు. నిజానికి లోపం తెలివిలో లేదు. వైద్యుడు చూసి, కార్డు మీద రాసి, తల్లిదండ్రులకు చెబితేనే అది బయటపడుతుంది. ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు ఉండేది. మగ డాక్టరు చూడటానికి చాలా ఇళ్ళలో ఒప్పుకునేవారు కాదు. కాబట్టి ఆడ డాక్టర్లు కావాలి. ఆడ డాక్టర్లు కావాలంటే ముందు ఆడపిల్లలు చదవాలి. ఈ ముడి ఎంత గట్టిదో ముత్తులక్ష్మికి స్వయంగా తెలుసు.

దేవదాసీ పద్ధతి రద్దుకు కూడా ఆమె పోరాడారు. 1930లో గాంధీజీ అరెస్టుకు నిరసనగా పదవి వదులుకున్నారు. తర్వాత అనాథ బాలికల కోసం అవ్వై హోమ్ నెలకొల్పారు. చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోవడం ఆమె మనసులో ఉండిపోయింది. 1954లో మద్రాసు అడయారులో క్యాన్సర్ ఆసుపత్రి మొదలైంది.

బడుల సంగతి ఏమైంది? 1946లో భోర్ కమిటీ దేశమంతా పరిశీలించి, పాఠశాల ఆరోగ్య సేవలు దాదాపు లేవనే తేల్చింది. మండలిలో చెప్పడం ఒక ఎత్తు, ప్రతి బడికీ డాక్టరును పంపడం మరొక ఎత్తు. ముత్తులక్ష్మి 1968 జూలై 22న కన్నుమూశారు.

అభ్యాసం: బడికి వెళ్ళే ఒక పిల్లవాణ్ణి గానీ, పిల్లను గానీ అడగండి. ఈ ఏడాది బడిలో కళ్ళు ఎవరైనా పరీక్షించారా? లోపం ఉందన్నారా? తర్వాత ఇంట్లో ఏం చేశారు? విన్నది ఐదు వాక్యాలలో రాయండి.